వెనకెత్తు వెనక ఉన్న లెక్క

పికప్ ట్రక్కు కొన్నవాడు కొద్ది వారాల్లోనే దాన్ని పక్కనుంచి చూసి ఒక వంక పెడతాడు: ముందు కుంగినట్టుంది, వెనక లేచినట్టుంది అని. చూపు తప్పేమీ కాదు. ఫోర్డ్ ఎఫ్-150 అయినా, షెవీ సిల్వరాడో అయినా, టొయోటా టకోమా అయినా ఖాళీగా నిలబడ్డప్పుడు వెనక భాగం ముందు భాగం కన్నా కాస్త ఎత్తులోనే ఉంటుంది. చాలా వాటిలో అది ఒకటి నుంచి మూడంగుళాల దాకా. ఈ వాలు తీసేయడానికి అమెరికాలో ఒక పెద్ద బజారే నడుస్తోంది. 'లెవెలింగ్ కిట్' అని అడిగితే వంద డాలర్ల లోపే ఒక జత అల్యూమినియం బిళ్లలు చేతిలో పెడతారు. అయితే ఆ వాలు కంపెనీవాళ్లు చూసుకోక వదిలేసిన లోపం కాదు. బెడ్‌లో బరువు పడ్డాక బండి మట్టంగా కూర్చోవడానికి ముందే దాచిపెట్టిన జాగా అది. ఎడ్లబండి మీద వడ్ల బస్తాలు సర్దినవాడికి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. వెనక బరువు ఎక్కువైతే కాడి ఎద్దుల మెడ మీంచి పైకి లేస్తుంది, అందుకే అతను బస్తాలు ముందుకీ వెనక్కీ జరిపి చూసుకుంటాడు. ట్రక్కు విషయంలో ఆ సర్దుబాటును స్ప్రింగు చేస్తుంది. కాబట్టి 'ఎంత ఎత్తాలి' అన్నదానికి జవాబు 'ఎంత మోస్తారు' అన్నదాంట్లోంచే రావాలన్నది ఈ అధ్యాయం వాదన. మీరు కొనేది బరువుకు తగ్గ స్ప్రింగు, దానికి తగ్గ షాక్ అబ్జార్బర్. ఎత్తు వాటితో పాటు వచ్చేది.

లెక్క వేసి చూద్దాం. ఇవి ఏ ఒక్క బండివో కావు, హాఫ్-టన్ తరగతి పికప్‌కు దగ్గరగా ఉండేలా తీసుకున్న అంకెలు. 6,000 పౌండ్ల ట్రైలర్ లాగుతున్నారనుకోండి. దాని బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద పడాలి, లేకపోతే ట్రైలర్ తోక ఊపుతుంది. కనీసం 600 పౌండ్లన్నమాట. హిచ్ బంతి వెనక ఇరుసుకు నాలుగడుగుల అవతల ఉంటుంది, రెండు ఇరుసుల మధ్య దూరం పన్నెండడుగులు. తక్కెడ కాడ ఎలా పనిచేస్తుందో ఇక్కడా అంతే: వెనక ఇరుసు మీద పెరిగేది 600 కాదు, 800 పౌండ్లు. పైన కలిసిన ఆ 200 ముందు చక్రాల మీంచి తీసినవి. వెనక ఒక్కో కమాన్ కట్ట అంగుళం కుంగడానికి 200 పౌండ్లు కావాలంటే, చెరో 400 పడ్డప్పుడు రెండంగుళాలు కుంగుతుంది. ముందు ఒక్కో చక్రం దగ్గర అంగుళానికి 150 పౌండ్ల లెక్కన, చెరో 100 తగ్గినందుకు మూతి అంగుళంలో మూడింట రెండు వంతులు లేస్తుంది. మొత్తం మీద రెండున్నర అంగుళాల పైచిలుకు తేడా. కంపెనీ ఇచ్చిన వాలుతో ఉన్న బండి ఈ బరువుకు చక్కగా మట్టమవుతుంది. ముందే మట్టం చేయించుకున్న బండి మూతి ఆకాశంకేసి పెడుతుంది. అప్పుడు 25 అడుగుల దూరంలో హెడ్‌లైట్ వెలుగు ఐదున్నర అంగుళాలు పైకి జరుగుతుంది, అంటే ఎదుటివాడి కళ్లలోకి. అంతకన్నా ముఖ్యం, స్టీరింగు తిప్పేవీ, బ్రేకు భారంలో పెద్ద వాటా మోసేవీ ముందు చక్రాలే, ఇప్పుడు తేలికైనవీ అవే.

'నేను ఎప్పుడూ ఏమీ మోయను, నాకెందుకీ లెక్క' అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. హోమ్ డిపో నుంచి నాలుగు చెక్కలు, ఏడాదికోసారి స్నేహితుడి సోఫా తప్ప బెడ్‌లో ఏమీ పడని పికప్‌లు బోలెడు. వాటి యజమానులు ముందు భాగాన్ని ఒకటిన్నర అంగుళం ఎత్తుకుంటే పోయేదేమీ లేదు. కాకపోతే 'ఏమీ మోయను' అన్న మాటను ఒకసారి కాగితం మీద పరీక్షించాలి. డ్రైవర్ తలుపు తీస్తే ఆ చట్రం మీద ఒక స్టిక్కరు కనిపిస్తుంది. మనుషులూ సామానూ కలిపి ఎంత బరువు దాటకూడదో అందులో రాసి ఉంటుంది. ఐదుగురు పెద్దవాళ్లు, బెడ్ మీద మూత, టూల్‌బాక్సు, ఐస్ పెట్టె కలిస్తే ఏమీ మోయనివాడు కూడా వెయ్యి పౌండ్లు దాటేస్తాడు. ముందు ఉక్కు బంపరు, దాని మీద వించి బిగించాలన్న కోరిక ఉంటే కథ ఇంకోలా ఉంటుంది. ఆ రెండూ కలిసి 200 పౌండ్లనుకుంటే, ముందు ఇరుసుకు ఇంకా ముందు వేలాడతాయి కాబట్టి పడే భారం అంతకన్నా ఎక్కువే. రెండంగుళాలు ఎత్తిన మూతి అంగుళానికి దగ్గరగా దిగిపోతుంది. అందుకే ముందు సామానంతా బిగించి, తర్వాత స్ప్రింగు ఎంచుకోవాలి. చాలామంది తిరగేసి చేస్తారు. పెళ్లికూతురిని చూడకముందే రవిక కుట్టించినట్టు.

ఇక ముందు చక్రాల దగ్గర ఏం జరుగుతుందో కాస్త వంగి చూడాలి, ఎందుకంటే నాసిరకం ఎంపికకు శిక్ష పడేది అక్కడే. ఈ కాలపు పికప్‌లలో చాలావాటికి ముందు రెండు చేతులుంటాయి, పైచెయ్యి, కిందచెయ్యి. స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ ఒకే కట్టగా కిందచేతి మధ్యలో నిలబడతాయి. తలుపును మధ్యలో పట్టుకుని అంగుళం నెడితే అంచు రెండంగుళాలు కదిలినట్టు, ఆ కట్ట మీద అంగుళం బిళ్ల పెడితే చక్రం దగ్గర దాదాపు రెండంగుళాలు ఎత్తు వస్తుంది. కిట్ డబ్బా మీద 'రెండంగుళాలు' అని ఉండి లోపల అంగుళం బిళ్ల కనిపిస్తే మోసం కాదు, ఇదే కారణం. చిక్కు ఇంకొకటి. పైన బిళ్ల పెడితే షాక్ పొడుగు మారదు, మొత్తం కట్ట పొడుగు మారుతుంది. చక్రం గుంతలోకి దిగినప్పుడు మునుపటికన్నా రెండంగుళాలు లోతుకు వేలాడుతుంది. అంత లోతుకు దిగేందుకు పైచేతిని గానీ, దాని చివర ఉన్న బాల్ జాయింటును గానీ కంపెనీ రూపొందించలేదు. కొన్ని ట్రక్కుల్లో ఆ అంచున పైచెయ్యి స్ప్రింగు చుట్టకు తగులుతుంది. కొన్నాళ్లకు చుట్ట మీద పెయింటు గీరుకుపోయి మెరుస్తున్న లోహపు గీత కనిపిస్తుంది. ఫోర్ వీల్ డ్రైవ్ అయితే చక్రానికి శక్తి చేర్చే సీవీ యాక్సిల్ కూడా వంకరగా తిరగాల్సి వస్తుంది. దాని రబ్బరు తొడుగు మడతలు ఒకదానికొకటి రాసుకుని చిరుగుతాయి, గ్రీజు చక్రం లోపలి గోడ మీద నల్లగా చిమ్ముతుంది. అది చూశాక మెకానిక్ చెప్పే బిల్లులో బిళ్లల ధర చిల్లర కింద జమ.

దీనికి ఎదురు వాదన ఉంది, కొట్టిపారేయదగ్గది కాదు. వేలమంది ఇవే బిళ్లలు పెట్టుకుని లక్ష మైళ్లు నడుపుతున్నారు కదా? నడుపుతున్నారు. తారు రోడ్డు మీద తిరిగే చక్రం పూర్తిగా కిందికి వేలాడే సందర్భం అరుదు కాబట్టి నడుస్తోంది. బిళ్ల తప్పు చేసేది అంచున, ఆ అంచుకు మీరు వెళ్లకపోతే అది బయటపడదు. కాబట్టి నా తీర్పు ఇది: ఊళ్లో తిరిగే, పెద్దగా బరువు మోయని, ఒకటిన్నర అంగుళానికి మించి అడగని బండికి పేరున్న తయారీదారు బిళ్ల చాలు. అంతకన్నా ఎత్తు కావాలన్నా, మట్టి దారి పట్టాలన్నా బిళ్లను మరిచిపోవాలి. బిళ్ల మీద బిళ్ల పేర్చడం ఎవరికీ, ఎప్పుడూ పనికిరాదు.

రెండో దారి మధ్యేమార్గం, ఎక్కువమందికి సరిపోయేది కూడా. బిల్‌స్టైన్ 5100 లాంటి షాక్‌ల ఒంటి మీద వరసగా గాడులుంటాయి. ఒక గాడిలో ఉక్కు రింగు కూర్చుంటుంది, ఆ రింగు మీద స్ప్రింగును మోసే పళ్లెం. రింగును పై గాడికి మారిస్తే బండి లేస్తుంది. పాత స్ప్రింగునే వాడుకోవచ్చు. ఇక్కడ షాక్ పొడుగు తయారీదారు ఆ బండికి లెక్క కట్టి పెట్టినదే కాబట్టి బిళ్లలాగా చక్రం అతిగా వేలాడదు. దాని బదులు ఇంకోటి పోతుంది: బండి మామూలుగా నిలబడే చోటు పైకి జరిగింది కనుక, చక్రం గుంతలోకి దిగడానికి మిగిలిన జాగా తగ్గుతుంది. మరీ పై గాడికి పెడితే ప్రతి స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడూ షాక్ చివరికంటా సాగి టక్కున కొడుతుంది. దీన్నే చాలామంది 'స్ప్రింగు బిగుసుకుంది' అనుకుంటారు. స్ప్రింగు అదే స్ప్రింగు. ముందే నొక్కి కూర్చోబెట్టినంత మాత్రాన అంగుళానికి అది మోసే పౌండ్లు మారవు. గాడుల్లో మధ్యది ఎంచుకోవడం మేలని అనుభవజ్ఞులు అనేది ఇందుకే. మూడో దారి బరువుకు తగ్గ స్ప్రింగునే మార్చడం. ఆస్ట్రేలియాకు చెందిన ఏఆర్‌బీ వాళ్ల ఓల్డ్ మ్యాన్ ఎమూ లాంటి శ్రేణుల్లో స్ప్రింగులు 'ఇంత బరువు ఎప్పుడూ ఉంటుంది' అన్న లెక్కన అమ్ముతారు. బంపరు, వించి ఉన్నవాడికి ఇదే సరైనది. అవేవీ లేనివాడు 'గట్టిదే మంచిది' అని బరువు స్ప్రింగు కొంటే, బండి అనుకున్నదానికన్నా ఎత్తులో నిలబడి, మేకల బండిలా ఎగురుతుంది. దానికి జత షాక్ లేకుండా స్ప్రింగు ఒక్కటే మార్చడం ఇంకో పొరపాటు. స్ప్రింగు బండిని మోస్తుంది, ఊగును ఆపేది షాక్. గతుకు దాటాక బండి ఒక్కసారి లేచి నిలబడక రెండు మూడు సార్లు ఊగుతుంటే, ఆ జత కుదరలేదని తెలిసిపోతుంది. డబ్బు అటూ ఇటూ సర్దాల్సి వస్తే ఎత్తులో కోత పెట్టండి, షాక్‌లో పెట్టకండి.

వెనక వైపు చెప్పేది తక్కువ, ఎందుకంటే చేయాల్సిందే తక్కువ. మట్టం చేయడమే లక్ష్యమైతే వెనక ముట్టుకోనక్కర్లేదు; అంగుళం ఎత్తు మిగిల్చుకుంటే ఇంకా మంచిది. కమాన్ కట్టకూ ఇరుసుకూ మధ్య ఇనుప దిమ్మె పెట్టి ఎత్తడం చౌక దారి. కొన్ని ట్రక్కులకు కంపెనీ నుంచే ఒకటి వస్తుంది. దాని మీద ఇంకోటి పేర్చకూడదు. దిమ్మె పొడుగయ్యే కొద్దీ, గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇరుసు మెలితిరిగి కట్టను ఎస్ ఆకారంలోకి వంచుతుంది. బరువు ఎప్పుడూ ఉండేవాడు ఒక పట్టీ అదనంగా వేయించుకోవాలి, లేదా కట్టనే మార్చాలి. అప్పుడప్పుడు ట్రైలర్ లాగేవాడికి గాలి నింపే ఎయిర్ బ్యాగులు చక్కగా పనికొస్తాయి: లాగే రోజు గాలి నింపడం, మర్నాడు తీసేయడం. బ్యాగులు బండి కుంగకుండా ఆపుతాయే గాని, తలుపు స్టిక్కరు మీది అంకెను పెంచవు. ఈ మాట అమ్మేవాడు చెప్పడు, ప్యాకెట్ లోపలి కాగితం మాత్రం చెబుతుంది. వెనక ఎత్తాక గేరుబాక్సు నుంచి ఇరుసుకు పోయే షాఫ్టు కోణం మారుతుంది. రెండు ముక్కల షాఫ్టు ఉన్న టకోమా లాంటి వాటిలో బయల్దేరేటప్పుడు సీటు కింద వణుకు మొదలైతే అనుమానించాల్సింది మధ్య బేరింగునే. 2009 నుంచి రామ్ 1500కు వెనక కమాన్ కట్టలు లేవు, చుట్ట స్ప్రింగులే. దానికి ఈ పేరాలో సగం వర్తించదు.

'ఎలాగూ విప్పుతున్నాం, రెండెందుకు, ఆరంగుళాలు ఎత్తేద్దాం' అనే స్నేహితుడు ప్రతి గరాజ్‌లోనూ ఒకడుంటాడు. అతనికి రెండు జవాబులు. మొదటిది, సస్పెన్షన్ ఎంత ఎత్తినా వెనక ఇరుసు మధ్యలో వేలాడే డిఫరెన్షియల్ నేల నుంచి అంగుళం కూడా లేవదు. అది టైరు మధ్యలో ఉంది, టైరు పెద్దదైతేనే లేస్తుంది, అదీ టైరు వ్యాసం పెరిగినదాంట్లో సగమే. రాయి తగిలేది చాలాసార్లు దానికే. రెండోది, అమెరికా రహదారి భద్రతా సంస్థ వాహనం బోల్తా ముప్పును అంచనా వేయడానికి వాడే లెక్క ఒకటుంది: చక్రాల మధ్య వెడల్పులో సగాన్ని గరిమనాభి ఎత్తుతో భాగించాలి. వెడల్పు 68 అంగుళాలు, గరిమనాభి 29 అంగుళాల ఎత్తులో ఉందనుకుంటే 1.17 వస్తుంది. ముందు మాత్రమే రెండంగుళాలు ఎత్తితే గరిమనాభి అంగుళం లేచి 1.13 అవుతుంది. చుట్టూ ఆరంగుళాలు ఎత్తితే 0.97. ఒకటి కన్నా కిందికి దిగిన ఆ అంకెతో ఫ్రీవే మీద ఎవరో అడ్డం వస్తే స్టీరింగు కోయాల్సి వస్తుంది. 2012 మోడల్ నుంచి అమెరికాలో తేలిక వాహనాలన్నిటికీ ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ తప్పనిసరి. బండి జారబోతే అది ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి కాపాడుతుంది. కంపెనీ ఎత్తును దృష్టిలో పెట్టుకుని సరిచేసిన యంత్రాంగం అది. కొద్దిపాటి మార్పును తట్టుకుంటుంది, ఎంతకైనా తట్టుకుంటుందని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు.

వారంటీ పోతుందన్న భయం సగం నిజం. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం బయటి సామాను బిగించారన్న ఒక్క కారణంతో మొత్తం వారంటీని రద్దు చేయడానికి వీల్లేదు. ఆ సామాను వల్లే ఈ భాగం పాడైందని చూపించాలి. బిళ్ల పెట్టిన బండిలో సీవీ యాక్సిల్ పోతే ఆ మాట చూపించడం డీలర్‌కు పెద్ద కష్టం కాదు, పవర్ విండో పోతే కష్టమే. చట్టాలు రాష్ట్రానికో రకం. నార్త్ కరోలినాలో 2021 డిసెంబరు నుంచి ముందు ఫెండర్ వెనక ఫెండర్ కన్నా నాలుగంగుళాలు, ఆపైన ఎత్తులో ఉండేలా మార్చడం నేరం. మూతి ఎత్తి తోక దించే సరదా శ్రుతి మించి చట్టం దాకా వచ్చింది. టెక్సస్‌లోనేమో 2025 జనవరి నుంచి వ్యాపారేతర వాహనాలకు ఏటా చేసే భద్రతా తనిఖీయే లేదు. డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో పికప్ నడిపే తెలుగువాళ్లకు ఇది సుఖంగా అనిపించవచ్చు గాని, చిరిగిన తొడుగును ఏడాదికోసారైనా చూసే ఇంకో జత కళ్లు పోయాయన్నమాట. ఇండియాలో ఉన్నవాళ్ల పరిస్థితి పూర్తిగా వేరు. ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ మన శ్రీసిటీలోనే తయారవుతుంది, దాన్ని ఎత్తించుకోవాలన్న మోజూ ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మాత్రం తయారీదారు పేర్కొన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణ ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు లేదా రెండూ పెట్టింది. వాళ్లకు ఈ అధ్యాయంలో పనికొచ్చేది బరువు లెక్క ఒక్కటే.

కొనే ముందు కొలత, బిగించాక మళ్లీ కొలత. చదునైన నేల మీద చక్రం నడిబొడ్డు నుంచి ఫెండర్ అంచు దాకా నాలుగు మూలలా టేపు పట్టి రాసుకోవాలి. నేల నుంచి కొలిస్తే టైరు గాలి కూడా లెక్కలో దూరుతుంది. అయితే ముందు వెనక ఫెండర్లు ఒకే ఎత్తుకు గీసినవి కావు కాబట్టి అసలు వాలు తెలియాలంటే తలుపుల కింది అంచు మీద రసమట్టం పెట్టి చూడాలి. ఆ బుడగ మధ్యకు వస్తే చాలు, ఫెండర్లు సమం కానక్కర్లేదు. బిగించేటప్పుడు మెకానిక్‌ను ఒక్క విషయం అడగండి: కిందచేతి బోల్టులకు చివరి బిగింపు చక్రాలు గాలిలో ఉండగా ఇస్తున్నాడా, బండి నేల మీద దిగాకా? గాలిలోనే బిగిస్తే లోపలి రబ్బరు బుష్ ఆ వేలాడే స్థితిలో అతుక్కుపోతుంది, బండి దిగగానే మెలిపడి, నెలల్లో చీలుతుంది. కమాన్ కట్ట విప్పితే పాత యూ-బోల్టులు తిరిగి వాడనివ్వకండి. తర్వాత వీల్ అలైన్‌మెంట్ చేయించి, ఆ కాగితంలో కాస్టర్ అంకె కంపెనీ హద్దులో ఉందో లేదో చూడాలి. ఎత్తిన బండిలో అది పడిపోతే స్టీరింగు తనంతట తాను నిటారుకు రాదు, అప్పుడే కొత్త పైచేతులకు డబ్బు పెట్టాలి. ముందు అద్దం వెనక కెమెరా, గ్రిల్ వెనక రాడార్ ఉన్న బండైతే వాటికి మళ్లీ గురి సరిచేయాలేమో సర్వీస్ మాన్యువల్ చూడాలి.

ఆఖరు పని రాత్రిపూట. గోడకు 25 అడుగుల దూరంలో ఖాళీ బండి నిలిపి, డిమ్ లైటు పై అంచు పడే చోట, హెడ్‌లైట్ మధ్య ఎత్తుకు రెండంగుళాలు కిందగా టేపు అంటించి, మర తిప్పి వెలుగును అక్కడికి దించండి. తర్వాత ట్రైలర్ తగిలించి మళ్లీ అదే చోట నిలపండి. వెలుగు టేపును దాటి పైకి పోతే మరను ఇంకా కిందికి తిప్పకండి, అలా చేస్తే ఖాళీగా తిరిగే రాత్రుల్లో ముందున్న గుంత కనిపించదు. వెనక ఎయిర్ బ్యాగుల్లో కొద్దికొద్దిగా గాలి పెంచుతూ వెలుగు గీత మళ్లీ టేపు దగ్గరికి దిగేదాకా చూసి, ఆ గాలి అంకెను ఒక కాగితం మీద రాసి పెట్రోలు ట్యాంకు మూత లోపలి వైపు అంటించుకోండి.